మాకు తవ్వకం పని నేర్పించండి: వైస్ ఛాన్సలర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి,

ఎం.ఏ. పురావస్తు శాస్త్రం రెండో ఏడాది విద్యార్థిని. మూడుసార్లు వినతిపత్రం ఇచ్చినా జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ అడుగుతున్నాను.

నాగార్జునకొండలో 1954 నుంచి 1960 వరకు సాగిన తవ్వకాల గురించి పరీక్షల్లో పేజీలు నింపుతున్నాం. మాలో ఒక్కరూ ట్రెంచ్‌లో, అంటే తవ్వకం గోతిలో, దిగి మట్టి గీకే తాపీ పట్టలేదు. మట్టి రంగు ఎక్కడ మారిందో, ఒక పొర ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో చేత్తో తడిమి తెలుసుకోవాలి. వస్తువు ఏ కాలానిదో అది దొరికిన పొరను బట్టి లెక్కగడతారు కాబట్టి, పొర తప్పితే దొరికిన కుండపెంకు కాలమే తప్పుతుంది. తవ్విన నేలను మళ్లీ తవ్వలేం కదా సార్.

"ఫీల్డ్‌లో ఎన్ని రోజులు పనిచేశావు?" అని ఇంటర్వ్యూలో అడిగితే, మా స్నేహితురాలు తల దించుకుని వచ్చేసింది.

వేసవి సెలవుల్లోపు, అనుమతి ఉన్న తవ్వకం దగ్గర మాకు నెల రోజుల శిక్షణ ఏర్పాటు చేయండి. అది ఎప్పుడు మొదలవుతుందో తేదీతో సహా రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
మీ విద్యార్థి