అధ్యక్షుడు మారినప్పుడల్లా ఆఫీసు ఆగిపోవాలా?

సంపాదకులకు నమస్కారం.

మన విశాఖలో ఇంజనీర్లు, వైద్యులు, ఆడిటర్లు, ఆర్కిటెక్టులు ఎవరి సంఘం వారు పెట్టుకున్నారు. అయితే కార్యవర్గం ఎన్నికల మీద ఉన్న శ్రద్ధ, ఎన్నికలు ముగిశాక ఆఫీసును రోజూ ఎవరు నడపాలన్న దాని మీద కనిపించడం లేదు. ఆ పనికి ప్రతి సంఘమూ జీతమిచ్చి ఒక ఉద్యోగిని పెట్టుకోవాలన్నది నా మనవి.

నేను సభ్యుడిగా ఉన్న ఒక సంఘంలో రెండేళ్లు కోశాధికారిగా చేశాను. అక్కడ ఏటా అధ్యక్షుడు మారతారు. మారిన ప్రతిసారీ బ్యాంకు ఖాతాలో సంతకాలు మార్చాలి, దానికి తీర్మానం నకలు కావాలి, తీర్మానం ఉన్న మినిట్స్ పుస్తకం బీరువాలో ఉంటుంది, ఆ బీరువా తాళంచెవి మాత్రం ఒక ఏడాది మాజీ కార్యదర్శి గారితో పాటు అమెరికాలో వారి అబ్బాయి ఇంటికి వెళ్లిపోయింది. చెక్కు మీద సంతకం చేసే వారు లేక అటెండరుకు మూడు నెలలు జీతం అందకపోతే, ఇద్దరం కలిసి చేబదులుగా సర్దాం. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. పగలంతా సొంత వృత్తి చూసుకుని రాత్రి ఎనిమిదింటికి వచ్చే మనిషి నుంచి అంతకంటే ఆశించలేం.

చార్టర్డ్ అకౌంటెంట్లు, కాస్ట్ అకౌంటెంట్లు, కంపెనీ సెక్రటరీల సంస్థల చట్టాలను పార్లమెంటు 2022లో సవరించి ఈ చిక్కును విప్పింది. అధ్యక్షుడు ఆ సంస్థ పాలక మండలికి పెద్దగా ఉంటారు. పరిపాలనను చీఫ్ ఎగ్జిక్యూటివ్ హోదాలో కార్యదర్శి చూస్తారు, ఆయన ఎన్నికైన వ్యక్తి కాదు, నియమితుడు. స్థానిక సంఘాలకు ఆ నిబంధన వర్తించకపోయినా, 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవి ఏటా కార్యవర్గం జాబితా, లెక్కలు దాఖలు చేయక తప్పదు. సంఘాలు తమ సభ్యులకు అందించే సేవల మీదా 2017 జూలై నుంచే జీఎస్టీ వర్తిస్తుందని 2021 ఫైనాన్స్ చట్టం చెబితే, వైద్యుల సంఘమైన ఐఎంఏ (ఇండియన్ మెడికల్ అసోసియేషన్) కేరళ శాఖ దాన్ని సవాలు చేస్తూ హైకోర్టుకు వెళ్లింది. ఇలాంటివి గమనించి కార్యవర్గాన్ని హెచ్చరించే మనిషి మనలో ఎన్ని సంఘాలకు ఉన్నారు?

అలా ఉద్యోగిని పెడితే నెత్తినెక్కుతాడన్న భయం ఉంది. ఓటు హక్కు లేకుండా, నియామకమూ తొలగింపూ కార్యవర్గం చేతిలోనే ఉంచి, ఏ మొత్తం వరకు ఖర్చు చేయవచ్చో సంఘం నియమావళి(బైలాస్)లో రాసుకుంటే ఆ భయం తీరుతుంది. నిజానికి కష్టం ఆ ఉద్యోగిదే. చందా కట్టిన ప్రతివారూ యజమానే అనుకుంటారు. అందరికీ మర్యాద ఇస్తూనే ఆయన తీర్మానానికి మాత్రమే కట్టుబడాలి, తన క్లినిక్ ప్రారంభోత్సవం ఆహ్వానపత్రికలు సంఘం తపాలా ఖర్చుతో పంపమని సాక్షాత్తు అధ్యక్షుడే అడిగినా కాదనగలగాలి. అలాంటి వారికి అధ్యక్షుడి పదవీకాలంతో ముడిపెట్టకుండా కనీసం మూడేళ్ల ఒప్పందం ఇవ్వాలి.

జీతం భరించలేని చిన్న సంఘాలు రెండు మూడు కలిసి ఒకరిని నియమించుకోవచ్చు. ఈ ఏడాది సర్వసభ్య సమావేశాల ఎజెండాలో ఈ అంశాన్ని చేర్చాలని నగరంలోని వృత్తి సంఘాల కార్యవర్గాలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మాజీ కోశాధికారి,
విశాఖపట్నం