ఖర్జూరపు మట్టల కింద నుంచి

బెయేర్షెబా, ఇశ్రాయేలు

అమ్మకు,

ప్రభువు నామంలో వందనాలు. నేను బాగానే ఉన్నాను. సవ్తా కూడా కులాసా. (నేను చూసుకునే మామ్మ గారే, ఇక్కడ మామ్మని సవ్తా అంటారు.)

మొన్న ఫోన్లో ఎండురొయ్యలు తిని రెండేళ్లయిందని అన్నానో లేదో, "ఇశ్రాయేలీయుల్లా సణగకే" అని కసిరావు. పెట్టేశాక నవ్వొచ్చింది. ఐగుప్తు (ఈజిప్టు) దాటి అరణ్యంలో పడ్డాక వాళ్లు తలుచుకుని ఏడ్చినవాటిలో కూడా చేపలే ముందు కదా! సంఖ్యాకాండం 11లో చేపలు, కీరకాయలు, దోసకాయలు, ఉల్లి, వెల్లుల్లి అని ఎంత వరసగా చెప్తారో చూడు. దేవుడు కురిపించిన మన్నాతో కడుపు నిండుతూనే ఉంది, నాలుకే ఇంకా ఐగుప్తు వదల్లేదు. రోజూ బ్రెడ్డూ చీజూ తినేదాన్ని, నాకు తెలుసు ఆ బాధ.

మన బైబిల్లో అరణ్యం అని ఉంటుంది కదా, సండేస్కూల్లో నేను మారేడుమిల్లి అడవిలాంటిది అనుకునేదాన్ని. పోయిన నెల సవ్తా కొడుకు కారులో ఎర్రసముద్రం ఒడ్డున ఏలతు దాకా తీసుకెళ్లాడు. దారి పొడుగునా ఎండిన రాయి, బూడిద రంగు కొండలు. ఒక్కచోట దిగితే మంచినీళ్ల సీసా నిమిషాల్లో వేడెక్కిపోయింది. ముసలివాళ్లతో, చంటిపిల్లలతో ఇందులో నలభై ఏళ్లు! హోరేబు కొండ నుంచి కనాను సరిహద్దులోని కాదేషు బర్నేయాకి పదకొండు రోజుల దారేనని ద్వితీయోపదేశకాండం మొదట్లోనే ఉంది. నలభై రోజులు కనాను చూసొచ్చిన వేగులవాళ్ల మాట విని భయపడినందుకు, రోజుకో ఏడాది చొప్పున దేవుడు తిప్పాడు.

ఇదంతా ఎందుకంటే, ఈ వారం ఇక్కడ పర్ణశాలల పండుగ. బాల్కనీలో పందిరి వేశాం. నేనే స్టూలెక్కి ఖర్జూరపు మట్టలు పరిచాను. మన కొబ్బరాకు పందిరిలా దట్టంగా కప్పబోతే సవ్తా కింద నుంచి చెయ్యూపింది, రాత్రి చుక్కలు కనపడాలట. ఏడు రోజులూ భోజనం అందులోనే. వీల్‌చైర్‌లో కూర్చుని, పైకి చూస్తూ, ఆవిడ పాడుతూనే ఉంది. లేవీయకాండం 23లో చెప్పింది ఇదే: ఐగుప్తు నుంచి రప్పించినప్పుడు మిమ్మల్ని పర్ణశాలల్లో ఉంచానని పిల్లలకి తెలియాలి.

అప్పుడు తట్టింది నాకు. మన ప్రసంగాల్లో అరణ్యం అంటే సణుగుడు, బంగారు దూడ, పాములు. పౌలు కొరింథీయులకి హెచ్చరికగానే రాశాడు, కాదనను. కానీ ఆ అధ్యాయంలోనే వాళ్ల వెంట వచ్చిన బండ క్రీస్తే అన్నాడు. దప్పికగొన్నవాళ్లు నా దగ్గరికి రండని యేసయ్య కేక వేసింది ఈ పండుగ చివరి రోజునే, యోహాను 7లో. ఇంకోటి, యిర్మీయా 2:2 తియ్యి. విత్తనం పడని ఆ నేలలో నా వెంట నడిచావు, ఆ పెళ్లినాటి ప్రేమ నాకు గుర్తుందంటాడు దేవుడు. వాళ్ల సణుగుడంతా విన్నవాడే ఆ మాట అంటున్నాడు! స్త్రీల కూడికలో ఈసారి వాక్యం నీదే అన్నావుగా, ఇది చెప్పు. పాస్టరమ్మ గారు ఏమన్నా అంటే నా పేరు చెప్పు.

డబ్బులు సోమవారం వేశాను. తమ్ముడి ఫీజు ముందు కట్టెయ్యండి.

ఎండురొయ్యలు మాత్రం పంపకు. పొలుసుల్లేనివి యూదులు తినరు, ఈ వంటింట్లోకి రానివ్వరు. గోంగూర పచ్చడి పంపు, వెల్లుల్లి కాస్త ఎక్కువ వెయ్యి.

నీ పెద్దమ్మాయి