జరిమానా కట్టేస్తే సరిపోతుందా?

మిషిగన్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సైగల దొంగతనం వ్యవహారంలో అభిమానుల తీరు విచిత్రంగా ఉంది. ఆట జరుగుతుండగా ఎదుటి కోచ్ తన ఆటగాళ్లకు ఎత్తులు చెప్పే సైగల్ని పసిగడితే తప్పేం కాదు. కానీ ముందుగానే వాళ్ల మ్యాచ్‌లకు మనుషుల్ని పంపి ఆరా తీయించడం 1994 నుంచీ నిషేధం. 2023లో ఇది బయటపడి, కోచ్ జిమ్ హార్బాను మూడు మ్యాచ్‌లకు దూరం పెట్టగానే, డెట్రాయిట్ పక్కన మా వీధిలో ‘మిషిగన్ వర్సెస్ ఎవ్రీబడీ’ (లోకమంతా మాకు ఎదురే) అనే టీషర్టులు కనిపించాయి. ఒక తెలుగువాళ్ల బర్త్‌డే పార్టీలో ఒకాయన పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని ‘అందరూ చేసేదేగా అండీ’ అనేశాడు. పక్కనున్న, ప్రత్యర్థి జట్టు ఒహాయో స్టేట్ అభిమానేమో ఆ సీజన్‌లో మిషిగన్ గెలిచిన జాతీయ టైటిల్ లాగేసుకోవాల్సిందే అన్నాడు (మిషిగన్ చేతిలో వరసగా మూడేళ్లు ఓడినవాళ్ల బాధ అది). తీరా 2025 ఆగస్టులో కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ కోట్ల డాలర్ల జరిమానా వేసి, టైటిల్ జోలికి మాత్రం పోలేదు. దాంతో గెలిచినట్టే సంబరపడ్డవాళ్లను నేనే చూశాను. ఇలాంటి ఫిర్యాదుల్ని ఏళ్ల తరబడి నాన్చకుండా ఆ సీజన్‌లోనే తేల్చాలి. తప్పు రుజువైతే డబ్బుతో సరిపెట్టకుండా ఆ ఏడాది పోస్ట్‌సీజన్‌కే (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే పోటీలకే) రానివ్వకూడదు.

– ఒక పాఠకుడు, కాంటన్, మిషిగన్