మా గట్టు రోడ్డు ఏ తరగతిదో తేల్చండి

రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి అనే ఊరి దగ్గర ఒక పల్లె. రొయ్యల చెరువులు చేస్తాను. మా ఊరికి రావాలంటే ఆకివీడు - భీమవరం రోడ్డు మీద పసుపు రంగు కిలోమీటరు రాయి దగ్గర పక్కకి తిరిగి, కాలవ గట్టెక్కాలి. పసుపు రాయి అంటే జాతీయ రహదారి, అక్కడి నుంచి మాకు మిగిలింది నారింజ రంగు రాయి, అంటే పల్లె రోడ్డు. ఈ ఉత్తరం ఆ రెండు రాళ్ళ మధ్య తేడా గురించే.

పోయిన కార్తీకంలో మా చెరువు పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజున, లారీ వచ్చింది. గట్టు మీద తారు వెడల్పు 3.75 మీటర్లు. ఎదురుగా మేత లోడుతో ఇంకో లారీ. రెండూ రెండున్నర మీటర్ల వెడల్పు ఉన్న బళ్ళే. తప్పుకుందామని మా డ్రైవరు ఎడమ చక్రం కిందకి దించాడు. వానకి నానిన నల్లమట్టి, ఇరుసు దాకా దిగిపోయింది. క్రేను వచ్చేసరికి ఐదు గంటలు పట్టింది. ట్రేల నుంచి ఐసు కరిగి నీళ్ళు కారుతుంటే చూస్తూ కూర్చున్నాను. సరుకు మెత్తబడిందని కొన్నవాళ్ళు కేజీకి రేటు కోసేశారు.

గట్టు బాగుచేయమని అర్జీ పట్టుకెళ్ళాను. మొదటి ఆఫీసులో గట్టు మాది, తారు మాది కాదన్నారు. రెండో ఆఫీసులో తారు వేసింది మేమే గానీ మా పద్దులో ఇంత లోడుకి డబ్బు రాదన్నారు. మూడో చోట అసలు ఆ రోడ్డు మా లిస్టులోనే లేదన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఎవరి కాగితం ప్రకారం వాళ్ళు చెప్పారు. చిక్కంతా ఆ కాగితంలోనే ఉంది.

పెద్ద రోడ్ల, అంటే జాతీయ రహదారుల, నంబర్ల విషయంలో మన లెక్క చాలా శుభ్రంగా ఉంటుంది. ఉత్తర దక్షిణాలుగా వెళ్ళే వాటికి సరి సంఖ్య, తూర్పు పడమరలుగా వెళ్ళే వాటికి బేసి సంఖ్య. మూడంకెలుంటే చివరి రెండు తల్లి రోడ్డువి. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, నరసాపురం మీదుగా ఒంగోలు వెళ్ళే 216కి తల్లి 16. పామర్రులో మొదలై ఆకివీడు, భీమవరం మీదుగా వచ్చి దిగమర్రులో 216ని కలిసే మా 165కి తల్లి 65. ఈ నంబర్లు 2010లో మారాయి. మా పెద్దాళ్ళు ఇప్పటికీ 16ని ఐదో నంబరు రోడ్డనే అంటారు.

కిందకి దిగేకొద్దీ ఆ శుభ్రం పోతుంది. జాతీయ, రాష్ట్ర, ప్రధాన జిల్లా, ఇతర జిల్లా, గ్రామీణ అని ఐదు తరగతులు. 1943లో దేశం రోడ్ల కోసం ఇంజినీర్లు నాగపూర్‌లో వేసిన ప్రణాళిక నాటి పద్ధతి. రోడ్డు ఏ ఊరిని ఏ ఊరితో కలుపుతుందన్నదే దానికి కొలమానం. అప్పుడు మా గట్టు మీద తిరిగినవి ధాన్యం బళ్ళు. ఇప్పుడు తిరిగేవి మేత లారీలు, ఐసు బళ్ళు, రొయ్యల కంటైనర్లు. ఊరు అదే కాబట్టి తరగతీ అదే. ఆ తరగతిని బట్టే వెడల్పు, మందం, డబ్బు, చూసుకునే శాఖ.

ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకి దెబ్బ సుమారు పదహారు రెట్లు పెరుగుతుందని ఇంజినీర్లు లెక్క కడతారు. 2018లో కేంద్రం లారీ వెనక ఇరుసుకి 10.2 టన్నుల నుంచి 11.5 టన్నుల దాకా అనుమతి ఇచ్చింది. ఆ లెక్కన దెబ్బ ఒకటిన్నర రెట్లు దాటింది. మా గట్టు రోడ్డు మందం మాత్రం పెరగలేదు.

అయ్యా, మాకు జాతీయ రహదారి అక్కర్లేదు. దానికి ఢిల్లీ ప్రకటించాలి. ఈ గట్టు రోడ్డుని ప్రధాన జిల్లా రోడ్డుగా మార్చడానికి రాష్ట్రం చాలు, అంటే మీ ప్రభుత్వం చాలు. నీటిపారుదల, పంచాయతీరాజ్, మీ శాఖ ఇంజినీర్లు ముగ్గురినీ ఒకే రోజు గట్టు మీదకి పంపండి. ఏ ముక్క ఎవరిదో అక్కడే నిలబడి రాసుకోమనండి. మా ఒక్క ఊరికే కాదు, డెల్టాలో చెరువుల మధ్య నుంచి పోయే గట్టు రోడ్లన్నిటికీ ఇది చేయించండి.

ఇంకో మాట. బళ్ళు లెక్కపెట్టేవాళ్ళని పగటిపూట మాత్రమే పంపి సరిపెట్టకండి. మా పట్టుబడులు ఎక్కువగా తెల్లవారుజామున జరుగుతాయి. పొద్దున పదింటికి కుర్చీ వేసుకుని కూర్చుంటే మోటార్ సైకిళ్ళే కనిపిస్తాయి. రాత్రి కూడా లెక్కపెట్టమనండి, పడుకోవడానికి మా చెరువు షెడ్డు ఉంది. గట్టు పని వేసవిలో కాలవలు కట్టేసిన రోజుల్లోనే చేయాలి. మళ్ళీ నీళ్ళు వదిలితే అంచు కట్టడం కుదరదు. ఆ లోపే ఉత్తర్వు ఇప్పించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఉండి ప్రాంత రొయ్యల రైతు