తిరగాల్సిన శిల్పానికి వెల్డింగు

గాలికి తిరిగే శిల్పాన్ని నిలబెట్టిన రోజే పని అయిపోయిందనుకోవడం మన నగరంలో మానాలి. ఆకారం కన్నా కదలికే ముఖ్యమన్న ఓ ఆధునిక శిల్పి మాటలు మీ పత్రికలో చదివినప్పటి నుంచి, సముద్రానికి దగ్గరున్న మా పేట పార్కులోని శిల్పమే కళ్లముందు మెదులుతోంది. ఒక ఇనుప కడ్డీ, మూడు రేకు రెక్కలు, అంతే. కొత్తలో సాయంత్రం గాలి లేవగానే ఒక్కో రెక్క ఒక్కో వేగంతో తిరిగేది. మా మనవరాలు ఓ రోజు ‘అమ్మమ్మా, చేపలు’ అనేది, మర్నాడు అవే పక్షులనేది. అది దేని బొమ్మ అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. నైరూప్య కళ జనానికి ఎక్కదనేవాళ్లు ఆ పిల్లను చూడాల్సింది. ఉప్పుగాలికి బేరింగు బిగుసుకుంది. పోయినేడు వచ్చినవాళ్లు తుప్పు గీకకుండానే దానిమీద పెయింటు పూసి, రెక్కలు కిర్రుమంటున్నాయని వెల్డింగు పెట్టేశారు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ చేసిన కదిలే శిల్పాలకు 1931లో ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డుషాంప్ ‘మొబైల్’, అంటే కదిలేది, అని పేరుపెట్టాడు. కదలిక తీసేశాక ఇక దాన్ని ఏమని పిలవాలి? కొత్తగా పెట్టేవాటికి తుప్పుపట్టని ఉక్కు, మూతగల బేరింగులు వాడాలి. ఈశాన్య రుతుపవనాలకు ముందొకసారి, తర్వాతొకసారి గ్రీజు పెట్టించే ఖర్చును టెండరులోనే చేర్చాలి. 1966లో చోళమండలం కళాగ్రామం వెలసిన ఊరిది, పని తెలిసిన శిల్పులకు కొదవలేదు; వాళ్లు చూడకుండా ఎవరూ ఆ రెక్కల మీద చెయ్యి వేయకూడదు. మా పార్కులోని వెల్డింగును ముందు కోయించండి.

— ఒక పాఠకురాలు, చెన్నై