వాంగ్మూలం ఆమె ఇంటి దగ్గరే రాసుకోవాలి

సంపాదకులు గారికి,

వికలాంగ మహిళలపై అఘాయిత్యాల వార్తలు పేపర్లో తరచూ వస్తున్నాయి. ‘కేసు నమోదు చేశారు’ అనే మాటతో వార్త అయిపోతుంది. ఆ కేసు నమోదయ్యేదాకా ఆమె పడిన పాట్లు మాత్రం బయటికి రావు. నేను ఎస్సీ కులంలో పుట్టిన అంధురాలిని, వికలాంగ మహిళల కోసం పనిచేస్తున్నాను.

చూపు లేని ఒకామెకు తోడుగా స్టేషన్‌కు వెళ్లాను. ఫిర్యాదు రాసుకునే ఆయన ఆమెను వదిలేసి, వెంట వచ్చిన తమ్ముణ్ణి ‘ఏం జరిగిందంట?’ అని అడుగుతున్నాడు. చివరికి ఆమె వైపు తిరిగి, ‘కళ్లు కనపడనప్పుడు వాడేనని ఎట్లా చెప్తావమ్మా?’ అన్నాడు. గొంతు, అడుగుల చప్పుడు, ఒంటిమీది బీడీ వాసన: మేం రోజూ మనుషుల్ని పోల్చుకునేది వీటితోనే.

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 27నే జవాబిచ్చింది. కేసు మన ఆంధ్రప్రదేశ్‌దే. అత్యాచారానికి గురైన అంధురాలు, ఎస్సీ యువతి, నిందితుణ్ణి గొంతును బట్టి గుర్తుపట్టింది. వైకల్యం ఉన్నంత మాత్రాన ఆమె సాక్ష్యం తక్కువది కాదని కోర్టు తేల్చి, యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. కులం, ఆడపుట్టుక, వైకల్యం కలిసి మీద పడినప్పుడు వాటిని దేనికది విడదీసి చూడకూడదని కూడా చెప్పింది. అయినా ఎస్సీ, ఎస్టీ చట్టం కింద పడిన శిక్ష నిలవలేదు. కులం కారణంగానే నేరం జరిగిందని నేరం జరిగిన నాటికి ఉన్న చట్టం ప్రకారం రుజువు చేయాలి, ప్రాసిక్యూషన్ చేయలేకపోయింది. ఆ తీర్పు విన్నప్పుడు నాకు ఎంతో ధైర్యం వచ్చింది, ఈ ఒక్క మాట దగ్గర మాత్రం కడుపు రగిలింది. 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, బాధితురాలి కులం నిందితుడికి తెలిస్తే చాలు. కానీ ఆ సంగతి ఫిర్యాదులో, దర్యాప్తులో మొదటి రోజే ఎక్కాలి కదా!

లైంగిక నేరాల్లో బాధితురాలు వికలాంగురాలైతే పోలీసులే ఆమె ఇంటికి గానీ, ఆమె కోరిన చోటుకు గానీ వెళ్లి వాంగ్మూలం తీసుకోవాలి. అవసరమైతే సైగల భాష తెలిసినవాళ్లనో, వైకల్యం ఉన్నవాళ్లకు చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్‌నో పిలిపించాలి, వీడియో తీయాలి. 2013 నుంచి ఇది చట్టంలో ఉంది, ఇప్పటి నేర విచారణ చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనూ ఉంది. నేను వెళ్లిన స్టేషన్లో ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు.

రెండు రాష్ట్రాల పోలీసు శాఖలు ఈ నిబంధనను ప్రతి స్టేషన్‌కూ తెలుగులో పంపాలి. ఏ జిల్లాలో ఏ దుబాసీని పిలవాలో ఫోన్ నంబర్లతో జాబితా ఉంచాలి. నేరాల లెక్కల్లో బాధితురాలి వైకల్యాన్ని, కులాన్ని కలిపి నమోదు చేయాలి.

– ఒక పాఠకురాలు, కర్నూలు జిల్లా