ప్రీలాంచ్ రశీదుకు విలువెంత?

సంపాదకులకు నమస్కారం.

రెండేళ్ల కిందట మా తమ్ముడు హైదరాబాద్ శివారులో ఒక ‘ప్రీలాంచ్’ (ప్రాజెక్టుకు అనుమతులు రాకముందే అమ్మే) ఫ్లాటుకు, చదరపు అడుగు చవకగా వస్తోందన్న ఆశతో ధర మొత్తం ముందే కట్టి, అందుకు ప్రతిగా ఒక రశీదు తెచ్చుకున్నాడు. దాని మీద ఫ్లాటు నంబరు లేదు, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు అసలే లేదు. గుండ్రటి ముద్ర మాత్రం ఘనంగా ఉంది. ఆ స్థలంలో ఇప్పటికీ తుమ్మచెట్లే ఉన్నాయి.

500 చదరపు మీటర్ల స్థలం, ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టును రెరా వద్ద రిజిస్టర్ చేయించకుండా ప్రకటన ఇవ్వడాన్ని, బుకింగ్ తీసుకోవడాన్ని 2016 నాటి రెరా చట్టం నిషేధించింది. రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి వసూలు చేయరాదని 13వ సెక్షన్ చెబుతోంది. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టు భూమికి, నిర్మాణానికే వాడేలా ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. రిజిస్ట్రేషనే లేని చోట ఆ ఖాతా ఎక్కడిది?

ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీశాం కదా అని ధీమా పడేవారు, అందులో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయని, నోటరీ ఒప్పందాలు కనబడవని గ్రహించాలి. బ్యాంకు రుణం ఇవ్వనన్న ఫ్లాటు విషయంలో, అదెందుకు ఇవ్వనందో అడగకుండా అడ్వాన్సు ఇవ్వకూడదని నా అభిప్రాయం.

ప్రకటనలో రెరా నంబరు తప్పనిసరి కనుక, అది లేని స్థిరాస్తి ప్రకటనలను మీ పత్రిక కూడా తిరస్కరించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, కూకట్‌పల్లి